ఎయిర్‌రైఫిల్‌కు సరైన స్కోప్ ఎంచుకోవడం ఎలా? హైదరాబాద్ షూటర్లకు అంచెలంచెల మార్గదర్శి

ఎయిర్‌రైఫిల్ మీద బిగించుకోవడానికి స్కోప్ కొనేవాళ్లలో చాలామంది ‘ఇది ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?’ అన్న ఒక్క ప్రశ్నతో దుకాణంలోకి అడుగుపెడతారు. 9 రెట్లు చూపించేదానికన్నా 24 రెట్లు చూపించేది మేలనుకుని, దానికి తగ్గ ధర పెట్టి కొంటారు. ఇంటికి తెచ్చి పది మీటర్ల దూరంలో కాగితం పెట్టి చూస్తే బొమ్మంతా మసక. తల కాస్త కదిలితే గురి గీతలు జారిపోతుంటాయి, పెల్లెట్లు, అంటే ఎయిర్‌రైఫిల్ సీసపు గుళ్లు, చెదురుమదురుగా పడుతుంటాయి. ఆ స్కోప్‌లో లోపమేమీ లేకపోవచ్చు. అది ఆ దూరానికి తయారైనది కాదు, అంతే.

స్కోప్ ఎంపికలో మొదట తేల్చుకోవలసింది దూరం, తరవాత పారలాక్స్ (కన్ను కదిలితే గురి జారినట్టు కనిపించడం), ఆ తరవాత రైఫిల్ కుదుపును స్కోప్ తట్టుకుంటుందా అన్నది. ఎన్ని రెట్లన్నది వీటి వెనక వస్తుంది. ఈ వరుసను పాటిస్తే తక్కువ ఖర్చుతో మంచి స్కోప్ దొరుకుతుంది.

మొదటి అంచె: దేని మీద గురి పెడతారో తేల్చుకోండి

మార్కెట్లోకి వచ్చే స్కోప్‌లలో చాలావాటి పెట్టెల మీద ‘వార్మింట్’ అన్న మాట కనిపిస్తుంది. అమెరికాలో పొలాల్లోనూ పచ్చికబయళ్లలోనూ బొరియలు తవ్వే గ్రౌండ్‌హాగ్, ప్రెయిరీ డాగ్ వంటి చిన్న జంతువులను అక్కడి రాష్ట్రాల నియమాల ప్రకారం వేటాడేవాళ్ల కోసం ఆ రకం స్కోప్‌లు పుట్టాయి. లక్ష్యం అరచేయంత, దూరం వంద నుంచి మూడు వందల గజాల దాకా. అందుకే వాటికి ఎక్కువ రెట్లు, సన్నని గీతలు, దూరానికి సరిచేసిన కటకాలు ఉంటాయి. ఆ అవసరం అక్కడిది.

మన దగ్గర పరిస్థితి పూర్తిగా వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. ఒకప్పుడు ఆ చట్టంలోని అయిదో షెడ్యూలులో ఎలుకలు, కాకులు, పండ్లు తినే గబ్బిలాలు ‘హానికర జీవులు’గా ఉండేవి. 2022లో చేసిన సవరణతో ఆ షెడ్యూలే పోయింది. ఆ మార్పు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఏదైనా జంతువును హానికరమైనదిగా ప్రకటించే అధికారం కేంద్ర ప్రభుత్వానిది. పంటను పాడుచేసే అడవిపందిని కాల్చాలన్నా అధికారుల అనుమతి ఉన్నవాళ్లే కాల్చాలి. బాల్కనీలో గూడు పెట్టిన పావురం మీదో, ప్రహరీ మీద తిరిగే ఉడుత మీదో, శివార్లలో ఇళ్ల మధ్యకు వచ్చే నెమలి మీదో ఎయిర్‌గన్ గురిపెట్టడం ఎవరికీ వినోదం కాకూడదు. వన్యప్రాణి చట్టం ఒకవైపు, 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం మరోవైపు ఉన్నాయి. చట్టాల సంగతి అలా ఉంచినా, పెల్లెట్ తగిలిన పక్షి వెంటనే చావదు. రెక్క విరిగి రోజుల తరబడి నరకం అనుభవిస్తుంది. ఈ మార్గదర్శి కాగితం లక్ష్యాల మీద, పెల్లెట్ తగిలితే పడిపోయే ఇనుప బొమ్మల మీద సాధన చేసేవాళ్ల కోసం మాత్రమే.

చిన్న లక్ష్యాన్ని కచ్చితంగా కొట్టే ఆనందానికి ఇందులో లోటేమీ ఉండదు. ఇంగ్లండ్‌లో మొదలై అనేక దేశాలకు పాకిన ఫీల్డ్ టార్గెట్ అనే క్రీడ అచ్చంగా ఇదే. జంతువు ఆకారంలో కత్తిరించిన ఇనుప రేకులో రూపాయి బిళ్లంతో, అంతకన్నా కాస్త పెద్దదో గుండ్రని రంధ్రం ఉంటుంది. సుమారు 8 నుంచి 50 మీటర్ల దాకా తెలియని దూరాల్లో వాటిని నిలబెడతారు. పెల్లెట్ రంధ్రంలోంచి వెళ్లి వెనక మీట తగిలితేనే బొమ్మ పడుతుంది. స్కోప్‌కు ఇంతకన్నా గట్టి పరీక్ష లేదు.

ఇక్కడే ఒక మాట తల్లిదండ్రులకు. మీ అబ్బాయో అమ్మాయో 10 మీటర్ల ఎయిర్‌రైఫిల్ పోటీలకు తయారవుతుంటే స్కోప్ కొనకండి. అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య నియమాలు ఆ పోటీల్లో టెలిస్కోప్‌ను ఒప్పుకోవు. చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైట్‌నే వాడాలి. మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది అలాంటి సైట్‌తోనే. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న షూటింగ్ రేంజిలో ఒక పూట నిలబడి గమనిస్తే పోటీ రైఫిళ్ల మీద స్కోప్‌లు ఎందుకు కనిపించవో అర్థమవుతుంది. స్కోప్ అలవాటైన పిల్లలకు మళ్లీ పీప్ సైట్ నేర్పడం కోచ్‌లకు అదనపు పని.

తుపాకి విషయంలోనూ చట్టాన్ని గుర్తుంచుకోండి. 2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లకు మించిన, లేదా 20 జౌల్స్‌కు మించిన శక్తి ఉన్న ఎయిర్‌రైఫిల్‌కు లైసెన్సు తప్పనిసరి. 5.5 మిల్లీమీటర్ల రైఫిల్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. లైసెన్సు అక్కర్లేని రైఫిల్ కొన్నా గుర్తింపు పత్రం ఇచ్చి, బిల్లు తీసుకుని, ఆ బిల్లు భద్రపరచుకోండి. కింద చెప్పే లెక్కలన్నీ 4.5 మిల్లీమీటర్ల రైఫిల్‌కు సంబంధించినవే.

రెండో అంచె: మీ దూరాన్ని టేపుతో కొలవండి

మీరు నిజంగా కాల్చబోయే చోటుకు వెళ్లి టేపు పట్టండి. ఇంటి లోపల పొడవైన వరండా ఉంటే 10 మీటర్లు దొరకవచ్చు. శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు తోట ఉన్నవాళ్లకు 25 నుంచి 50 మీటర్ల దాకా వీలుంటుంది. అపార్ట్‌మెంట్ టెర్రస్‌ను మాత్రం ఈ జాబితాలోంచి కొట్టేయండి. గోడ దాటిన పెల్లెట్ ఎక్కడ దిగుతుందో మీకు తెలియదు.

మన నగరం చుట్టూ మరో ప్రమాదం ఉంది. ఎటు చూసినా నల్లరాతి గుండ్లే. ‘వెనక పెద్ద బండ ఉంది కదా, పెల్లెట్ ఆగిపోతుంది’ అనుకోవద్దు. గ్రానైట్‌కు తగిలిన సీసం పెల్లెట్ వెనక్కి చిమ్ముకు రావచ్చు. బండకు బదులు మట్టికట్ట కానీ, ఏటవాలు ఇనుప రేకున్న పెల్లెట్ పెట్టె కానీ లక్ష్యం వెనక ఉండాలి. కాల్చేవాళ్లతో పాటు పక్కన నిలబడినవాళ్లూ కళ్లద్దాలు పెట్టుకోవాలి. తోట మొయినాబాద్, చిలుకూరు ప్రాంతంలో ఉంటే ఇంకో జాగ్రత్త. అక్కడ మృగవని జాతీయ ఉద్యానం ఉంది. జాతీయ ఉద్యానంలోకి అనుమతి లేకుండా ఆయుధం తీసుకెళ్లడం నేరం. దారి దగ్గరని అటుగా వెళ్లకండి.

కొలిచిన దూరాల్లో అతి దగ్గరిదాన్నీ అతి దూరమైనదాన్నీ కాగితం మీద రాసుకోండి. ఉదాహరణకు 10, 40. ఈ రెండు అంకెలూ ఇకపై ప్రతి అంచెలో పనికొస్తాయి.

మూడో అంచె: పారలాక్స్ అర్థం చేసుకోండి

ఎక్కువ సమయం పెట్టవలసిన అంచె ఇది. దుకాణాల్లో అతి తక్కువగా చెప్పేదీ ఇదే.

స్కోప్ లోపల లక్ష్యం తాలూకు ప్రతిబింబం ఒక తలంలో ఏర్పడుతుంది. గురి గీతలు, అంటే రెటికిల్, మరొక తలంలో ఉంటాయి. ఈ రెండూ ఒకే తలంలో కలిస్తే కన్ను ఎటు జరిగినా గీత లక్ష్యం మీదే కదలకుండా నిలుస్తుంది. కలవకపోతే కన్ను పక్కకు జరిగినప్పుడల్లా గీత లక్ష్యం మీద జారుతుంది. రైఫిల్ కదలకపోయినా గురి మారినట్టు కనిపిస్తుంది. దాన్ని నమ్మి రైఫిల్ జరిపితే పెల్లెట్ తప్పిపోతుంది. ప్రతిబింబం ఏ తలంలో పడుతుందన్నది లక్ష్యం దూరం మీద ఆధారపడుతుంది కాబట్టి, ఏ స్కోప్ అయినా ఏదో ఒక్క దూరానికే పూర్తిగా సరిపోతుంది.

పెద్ద తుపాకుల కోసం చేసే మామూలు స్కోప్‌లను ఫ్యాక్టరీలోనే 100 గజాలకు, అంటే దాదాపు 91 మీటర్లకు, సరిచేసి మూసేస్తారు. పాయింట్ 22 రిమ్‌ఫైర్ అనే చిన్న తూటా రైఫిళ్ల స్కోప్‌లను ఎక్కువగా 50 గజాలకు సరిచేస్తారు. ఎయిర్‌రైఫిల్ కోసం చేసిన చిన్న స్థిర స్కోప్‌లు 30, 35 గజాలకు సరిచేసి వస్తాయి.

ఎంత తప్పు వస్తుందో మీరే లెక్క వేసుకోవచ్చు. ముందు కటకం వ్యాసంలో సగం తీసుకోండి. లక్ష్యం దూరానికీ స్కోప్ సరిచేసిన దూరానికీ ఉన్న తేడాతో దాన్ని గుణించి, సరిచేసిన దూరంతో భాగించండి. కన్ను పూర్తిగా అంచుకు జరిగితే వచ్చే గరిష్ఠ తప్పు అది. 40 మిల్లీమీటర్ల కటకం, 91 మీటర్లకు సరిచేసిన స్కోప్, 10 మీటర్ల లక్ష్యం అనుకోండి. ఇరవైని 81తో గుణించి 91తో భాగిస్తే దాదాపు 18 మిల్లీమీటర్లు. 10 మీటర్ల పోటీ కాగితంలో తొమ్మిదో వలయం వ్యాసం 5.5 మిల్లీమీటర్లు మాత్రమేనని గుర్తు చేసుకుంటే ఈ 18 ఎంత పెద్దదో తెలుస్తుంది. అదే స్కోప్‌తో 25 మీటర్ల దగ్గర గరిష్ఠ తప్పు 14 మిల్లీమీటర్లు దాటుతుంది. 35 గజాలకు సరిచేసిన, ముందు కటకం 32 మిల్లీమీటర్లున్న మామూలు 4×32 స్కోప్ అయితే అదే 25 మీటర్ల దగ్గర మూడున్నర మిల్లీమీటర్లతో సరిపెడుతుంది. ఖరీదైన వేట స్కోప్‌కన్నా చవకైన ఎయిర్‌గన్ స్కోప్ దగ్గరి దూరంలో మెరుగ్గా పనిచేయడానికి కారణం ఇదే.

మీ అతి దగ్గరి దూరానికీ అతి దూరానికీ మధ్య ఎడం ఎక్కువైతే పారలాక్స్ సరిచేసుకునే వీలున్న స్కోప్ తీసుకోండి. ఇవి రెండు రకాలు. ముందు కటకం చుట్టూ తిరిగే రింగు ఉన్నది ఒకటి. దాన్ని ఏఓ (అడ్జస్టబుల్ ఆబ్జెక్టివ్) అంటారు. ఎడమ పక్కన గుండ్రని చక్రం ఉన్నది మరొకటి. దాన్ని సైడ్ ఫోకస్ అంటారు. ఏఓ ధర తక్కువ, నిర్మాణం సరళం, కానీ తిప్పాలంటే చెయ్యి స్కోప్ ముందు చివరిదాకా చాచాలి. సైడ్ ఫోకస్ చక్రాన్ని చెంప లేపకుండానే తిప్పవచ్చు. ఫీల్డ్ టార్గెట్ ఆటగాళ్లు ఆ చక్రానికి మరో పెద్ద చక్రం తగిలించి, బొమ్మ ఏ గుర్తు దగ్గర స్పష్టమవుతుందో చూసి దూరాన్ని కూడా అంచనా వేస్తారు.

ఏ రకమైనా ఒక్క విషయం కచ్చితంగా అడగండి. దగ్గరలో ఎంత దాకా సరిచేయవచ్చు? కొన్ని సైడ్ ఫోకస్ స్కోప్‌లు 50 గజాల దగ్గరే ఆగిపోతాయి. వార్మింట్ పేరుతో వచ్చేవాటిలో ఇది మామూలే. మీకు 10 మీటర్లు లేదా అంతకన్నా తక్కువ కావాలి. చక్రం మీద అంకెలు 10 నుంచి మొదలైతేనే ముందుకు వెళ్లండి.

నాలుగో అంచె: స్కోప్ మీ రైఫిల్ కుదుపును తట్టుకోవాలి

‘ఎయిర్‌గన్‌కు కుదుపేముంది?’ అంటారు చాలామంది. స్ప్రింగు రైఫిల్‌కు ఉన్న కుదుపు స్కోప్‌లను విరగ్గొట్టేంతటిది. గొట్టాన్ని మడిచి స్ప్రింగు బిగించే బ్రేక్ బ్యారెల్ రైఫిల్‌లో ట్రిగ్గర్ నొక్కగానే బరువైన పిస్టన్ ముందుకు దూసుకుపోతుంది, రైఫిల్ వెనక్కి జరుగుతుంది. మరుక్షణంలో పిస్టన్ గాలి దిండుకు గుద్దుకుని ఆగుతుంది, రైఫిల్ ముందుకు ఉరుకుతుంది. అంటే రెండు దిక్కులా దెబ్బ. మందుగుండు తుపాకుల స్కోప్‌లలో కటకాలను వెనక్కి తన్నే కుదుపును తట్టుకునేలా బిగిస్తారు. ముందుకు ఉరికే దెబ్బ వాటికి కొత్త. కొన్ని వందల షాట్ల తరవాత గీతలు వంకరపోవడం, లోపల ఏదో కదిలిన చప్పుడు రావడం, జీరో (గురి పెట్టినచోటే పెల్లెట్ పడేలా చేసుకున్న అమరిక) నిలవకపోవడం ఇందువల్లే.

అందుచేత స్ప్రింగు రైఫిల్ ఉంటే, ‘స్ప్రింగు ఎయిర్‌రైఫిల్‌కు వాడవచ్చు’ అని తయారీదారు రాతపూర్వకంగా చెప్పిన స్కోప్‌నే కొనండి. అమ్మేవాళ్ల నోటిమాట చాలదు, వారంటీ కాగితంలో చూడండి. స్ప్రింగుకు బదులు గ్యాస్ వాడే గ్యాస్ పిస్టన్ రైఫిళ్లకూ ఇదే వర్తిస్తుంది. సిలిండర్‌లో ముందే గాలి నింపుకునే పీసీపీ రైఫిల్‌కు కుదుపు దాదాపు లేదు కాబట్టి అక్కడ ఈ బాధ తక్కువ.

అయిదో అంచె: రెట్లు, కటకం

స్కోప్ మీద 3-9×40 అని ఉంటే 3 నుంచి 9 రెట్ల దాకా పెంచుకోవచ్చనీ, ముందు కటకం వ్యాసం 40 మిల్లీమీటర్లనీ అర్థం. కటకం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం వ్యాసం వస్తుంది. పట్టపగలు మన కంటిపాప రెండు, మూడు మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది. 40ని 9తో భాగిస్తే 4.4, పగటికి పుష్కలం. 6-24×50 స్కోప్‌ను 24 దగ్గర పెడితే 2.1. అక్కడ కన్ను వెంట్రుకవాసి జరిగినా బొమ్మ నల్లబడుతుంది. పైగా అన్ని రెట్ల దగ్గర మీ గుండె చప్పుడు కూడా లక్ష్యం మీద కదలికగా కనిపిస్తుంది, కనిపించే పరిధి కుంచించుకుపోతుంది, పక్కపక్కన రెండు బొమ్మలుంటే దేనిమీద ఉన్నారో వెతుక్కోవాలి.

10 నుంచి 25 మీటర్ల సాధనకు 4×32 లేదా 2-7×32 చాలు. 10 నుంచి 50 మీటర్ల దాకా అయితే 3-9×40 ఏఓ కానీ, 4-12×40 ఏఓ కానీ, 3-12×44 సైడ్ ఫోకస్ కానీ. నా దృష్టిలో హైదరాబాద్‌లో ఎక్కువమందికి 3-12×44 సరైన చోట ఆగుతుంది. 24 రెట్ల స్కోప్ ఫీల్డ్ టార్గెట్ పద్ధతిలో దూరం అంచనా వేసేవాళ్లకే నిజంగా పనికొస్తుంది. 50, 56 మిల్లీమీటర్ల కటకం మునిమాపు వెలుగులో వేటాడే దేశాల అవసరం. మన ఎండలో దానివల్ల దక్కేది బరువు, ఎత్తు.

ఆరో అంచె: రెటికిల్ అలంకారం కాదు, కొలబద్ద

పెల్లెట్ నెమ్మదిగా ప్రయాణిస్తుంది, త్వరగా కిందికి వాలుతుంది. సెకనుకు సుమారు 240 మీటర్ల వేగంతో బయలుదేరే ఎనిమిదిన్నర గ్రెయిన్ల (దాదాపు 0.55 గ్రాముల) పెల్లెట్‌ను తీసుకోండి. స్కోప్ మధ్యగీత గొట్టానికి 45 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకుని 25 మీటర్లకు జీరో చేస్తే, 10 మీటర్ల దగ్గర పెల్లెట్ ఒక సెంటీమీటరు పైచిలుకు కింద పడుతుంది. 15, 20, 25 మీటర్ల దగ్గర దాదాపు గురి మీదే. 40 మీటర్ల దగ్గర నాలుగు సెంటీమీటర్లకు పైగా, 50 దగ్గర పది, పదకొండు సెంటీమీటర్లు కిందికి పోతుంది. దగ్గరలోనూ కిందే, దూరంలోనూ కిందే అన్నది కొత్తవాళ్లను తికమక పెడుతుంది. స్కోప్ గొట్టానికి పైన కూర్చుని ఉండడమే దగ్గరి తేడాకు కారణం.

ఈ తేడాలను అందుకోవడానికి గీత మీద కింది గుర్తులు కావాలి. ఒట్టి ప్లస్ ఆకారం చాలదు. మిల్ డాట్ (మిల్లుకో చుక్క) లేదా అర మిల్లుకో గీత ఉన్న రెటికిల్ తీసుకోండి. మిల్, అంటే దూరంలో వెయ్యో వంతు, మనకు సులువైన కొలత. 10 మీటర్ల దగ్గర ఒక సెంటీమీటరు, 50 దగ్గర 5, 100 దగ్గర 10. పై ఉదాహరణలో 40 మీటర్ల లక్ష్యానికి ఒక మిల్లు కింది గుర్తును, 50 మీటర్ల లక్ష్యానికి రెండు మిల్లులకు కాస్త కిందనున్న చోటును వాడాలి.

అయితే చాలా స్కోప్‌లలో రెటికిల్ రెట్లు పెంచే కటకాల వెనక, అంటే రెండో తలంలో ఉంటుంది. రెట్లు మార్చినప్పుడు లక్ష్యం పెరుగుతుంది కానీ గీతల మధ్య ఎడం అలాగే కనిపిస్తుంది. అంటే గుర్తుల విలువ ఒకే ఒక్క రెట్ల అమరిక దగ్గర నిజం. అది ఎక్కడో, ఎక్కువగా గరిష్ఠం దగ్గరా లేక 10 దగ్గరా అన్నది, స్కోప్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. గీతలు ఆ కటకాలకు ముందుండే మొదటి తలం స్కోప్‌లలో గుర్తుల విలువ ఎప్పుడూ మారదు. కానీ ధర ఎక్కువ, తక్కువ రెట్ల దగ్గర గీతలు సన్నబడి కనిపించడం కష్టం. మీరు ఎప్పుడూ ఒకే అమరికలో కాలుస్తారంటే రెండో తలమే చాలు.

గురిని క్లిక్కు క్లిక్కుగా పైకీ కిందికీ, పక్కలకూ జరిపే మరలైన టర్రెట్ల సంగతి క్లుప్తంగా. పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) క్లిక్కు 25 మీటర్ల దగ్గర 1.8 మిల్లీమీటర్లు జరుపుతుంది, 0.1 మిల్లు క్లిక్కు 2.5 మిల్లీమీటర్లు. ఏదైనా ఫరవాలేదు. రెటికిల్ మిల్లుల్లో ఉంటే టర్రెట్ కూడా మిల్లుల్లోనే ఉండేలా చూసుకోండి. ఒకటి మిల్లు, మరొకటి ఎంఓఏ అయితే ప్రతిసారీ లెక్కల్లో పడతారు. వెలిగే రెటికిల్‌కు అదనపు డబ్బు పెట్టవలసిన పని లేదు.

ఏడో అంచె: మౌంటుకు డబ్బు మిగల్చండి

బడ్జెట్ మొత్తం స్కోప్‌కే పెట్టి, దాన్ని రైఫిల్‌కు పట్టి ఉంచే మౌంటుకు చిల్లర వెతుక్కోవద్దు. రైఫిల్ మీద మౌంటు కూర్చునే పట్టా ఏ రకమో ముందు చూడండి. ఎయిర్‌రైఫిళ్లలో ఎక్కువగా 11 మిల్లీమీటర్ల సన్నని డవ్‌టెయిల్ గాడి ఉంటుంది. కొన్నింటికి అడ్డంగా గాడులున్న వెడల్పాటి పికాటిన్నీ పట్టా ఉంటుంది. ఒకదాని మౌంటు మరొకదానికి పట్టదు. స్కోప్ గొట్టం వ్యాసం 25.4 మిల్లీమీటర్లా లేక 30 మిల్లీమీటర్లా అన్నది కూడా చూసుకుని రింగులు తీసుకోండి.

స్ప్రింగు రైఫిల్‌కు రెండు విడి రింగులకన్నా ఒకే దిమ్మెగా ఉండే మౌంటు మంచిది. దాని అడుగున చిన్న పిన్ను ఉండి, రైఫిల్ మీదున్న రంధ్రంలో దిగేలా ఉండాలి. అది లేకపోతే కాల్చినకొద్దీ మౌంటు వెనక్కి పాకుతుంది. ఎత్తు విషయంలో, ముందు కటకం రైఫిల్ గొట్టానికి తగలకుండా రెండు, మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే చాలు. అనవసరంగా ఎత్తైన రింగులు పెడితే చెంప ఆనదు, చెంప ఆనకపోతే కన్ను ప్రతిసారీ ఒకేచోట ఉండదు, పారలాక్స్ మళ్లీ తల ఎత్తుతుంది. పీసీపీలో మ్యాగజైన్ పైకి పొడుచుకువస్తే మాత్రం ఎత్తు తప్పదు.

కొన్ని బ్రేక్ బ్యారెల్ రైఫిళ్లలో గొట్టం కొద్దిగా కిందికి వాలి ఉంటుంది. టర్రెట్‌ను చివరిదాకా తిప్పినా పెల్లెట్ కిందే పడుతుంటే కారణం అదే. వెనకవైపు కాస్త ఎత్తు ఉన్న మౌంటు దీనికి మందు. టర్రెట్‌ను చివరి అంచున ఉంచి కాల్చడం మానండి. అక్కడ లోపలి స్ప్రింగు పట్టు సడలి జీరో నిలవదు.

ఎనిమిదో అంచె: దుకాణంలో చేతిలోకి తీసుకుని పరీక్షించండి

వీలైనంతవరకు చూసి కొనండి. మీ రైఫిల్ వివరాలు, మీరు రాసుకున్న రెండు దూరాలు వెంట తీసుకెళ్లండి. తుపాకిని బజారులో మోసుకెళ్లాల్సిన పనిలేదు, పట్టా ఫొటో చాలు.

ముందుగా కంటి దగ్గరి రింగును తెల్ల గోడవైపు చూస్తూ తిప్పి, గీతలు మీ కంటికి నల్లగా తేటగా కనిపించేలా చేసుకోండి. సూర్యుడివైపు ఎప్పుడూ చూడవద్దు, ఒక్క క్షణం కూడా. కళ్లజోడు వాడేవాళ్లు కళ్లజోడుతోనే చూడాలి.

తరవాత స్కోప్‌ను బల్ల మీద సంచి మధ్య కదలకుండా పెట్టి, పది మీటర్ల దూరంలో ఏదైనా చిన్న అక్షరాలున్న కాగితం అంటించమనండి. పారలాక్స్ చక్రాన్ని 10 దగ్గర పెట్టి, గరిష్ఠ రెట్ల దగ్గర అక్షరాలు చదవగలరేమో చూడండి. ఇప్పుడు స్కోప్‌ను ముట్టుకోకుండా తలను పైకీ కిందికీ, పక్కలకూ ఆడించండి. గీత అక్షరం మీద కదలకూడదు. ఈ ఒక్క పరీక్షలో మార్కెట్లోని సగం స్కోప్‌లు తేలిపోతాయి.

టర్రెట్ తిప్పి చూడండి. ప్రతి క్లిక్కూ వేలికి స్పష్టంగా తెలియాలి. పది క్లిక్కులు పైకి, పది కిందికి తిప్పితే గీత మొదటి చోటికే రావాలి. రెట్లు తక్కువ నుంచి ఎక్కువకు మార్చినప్పుడు గీత మధ్యబిందువు లక్ష్యం మీద నుంచి పక్కకు జరిగితే ఆ స్కోప్ వద్దు. బయట వెలుగులోకి వెళ్లి నీడలో ఉన్న గోడ అంచును చూడండి. అంచుల చుట్టూ ఊదారంగు చార ఎక్కువగా కనిపించినా, బొమ్మ మధ్యలో బాగుండి పక్కలకు కరిగిపోయినా ఆ ధరకు తగదు. స్కోప్‌ను చెవి దగ్గర మెల్లగా కదిపితే లోపల గలగల వినిపించకూడదు.

కన్ను స్కోప్‌కు ఎంత దూరంలో ఉంటే పూర్తి బొమ్మ కనిపిస్తుందో కూడా చూడండి. 75 నుంచి 100 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి.

పేరున్న బ్రాండ్ల నకళ్లు విరివిగా తిరుగుతున్నాయి. సీరియల్ నంబరును తయారీదారు వెబ్‌సైట్‌లో సరిచూడండి. వారంటీ మన దేశంలో చెల్లుతుందా, పాడైతే ఎక్కడికి పంపాలి, పంపే ఖర్చు ఎవరిది అన్నవి బిల్లు కట్టే ముందే అడగండి. విదేశీ బ్రాండుకు జీవితకాల వారంటీ ఉన్నా, ఇక్కడ దాన్ని నెరవేర్చేవాళ్లు లేకపోతే అది కాగితానికే పరిమితం.

తొమ్మిదో అంచె: బిగించడం, జీరో చేయడం

రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకున్నాకే పని మొదలుపెట్టండి. రింగుల్లో స్కోప్‌ను వదులుగా కూర్చోబెట్టి, మామూలుగా భుజానికి ఎత్తి, కళ్లు మూసుకుని చెంప ఆనించి, కళ్లు తెరవండి. బొమ్మ పూర్తిగా కనిపించేదాకా స్కోప్‌ను ముందుకూ వెనక్కూ జరపండి. నిలువు గీత నిటారుగా ఉందో లేదో చూడడానికి గోడకు వేలాడదీసిన ఒక దారం చివర బరువు కడితే చాలు. రింగు స్క్రూలను ఒక్కసారిగా కాక ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. దాదాపు 2 న్యూటన్ మీటర్లు, అంతకు మించి వద్దు. స్కోప్‌తో వచ్చిన పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. బలమంతా పెట్టి బిగిస్తే స్కోప్ గొట్టం నొక్కుకుపోయి లోపలి కదలిక పట్టేస్తుంది.

జీరోను 10 మీటర్ల దగ్గర మొదలుపెట్టండి. 25 మీటర్లకు జీరో కావాలంటే 10 దగ్గర పెల్లెట్లు గురికి ఒక సెంటీమీటరు కింద పడాలని పైన చూశాం. అక్కడిదాకా తెచ్చి, తరవాత 25 మీటర్లకు వెళ్లండి. అయిదు పెల్లెట్లు కాల్చి, ఆ గుంపు మధ్యబిందువును కొలవండి. ఒక్క పెల్లెట్ చూసి టర్రెట్ తిప్పవద్దు. గుంపు 4 సెంటీమీటర్లు కిందుంటే, పావు ఎంఓఏ టర్రెట్‌ను 22 క్లిక్కులు పైకి తిప్పాలి. స్ప్రింగు రైఫిల్‌ను గట్టిగా బిగించి పట్టుకుంటే గుంపు చెదురుతుంది. అరచేతి మీద తేలికగా ఆనించి, ప్రతిసారీ ఒకేలా పట్టుకోండి. పెల్లెట్ రకం మారిస్తే జీరో మళ్లీ చేయాలి. చివరగా 10 నుంచి మీ గరిష్ఠ దూరం దాకా అయిదేసి మీటర్లకు ఒకసారి కాల్చి, ఏ దూరానికి ఏ గుర్తో చిన్న కాగితం మీద రాసి రైఫిల్ బట్‌కు అంటించుకోండి. నేను పైన ఇచ్చిన అంకెలు దారి చూపడానికే. మీ రైఫిల్, మీ పెల్లెట్ ఇచ్చే అంకెలే మీకు ప్రమాణం.

మన వాతావరణంలో నిలవాలంటే

ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు నేల మీది వేడిగాలి బొమ్మను అలలలా కదిలిస్తుంది. రెట్లు తగ్గిస్తే ఆ కదలిక కంటికి తక్కువగా తెలుస్తుంది. పొద్దున ఎనిమిదిలోపు సాధన చేయడం అన్నిటికన్నా మేలు. ఎండలో నిలిపిన కారులో స్కోప్‌ను వదిలేయవద్దు.

వానాకాలంలో అసలు శత్రువు బూజు. నైట్రోజన్ నింపి సీలు చేసిన స్కోప్‌లో లోపల ఆవిరి పట్టదు కానీ, బయటి కటకాల మీద తేమ నిలిస్తే పూత దెబ్బతింటుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచండి, నెలకోసారి ఆ పొట్లాలను ఎండబెట్టండి. ఏసీ గదిలోంచి తేమ గాలిలోకి తెచ్చిన వెంటనే కటకం మసకబారితే తుడవకండి, పది నిమిషాలు ఆగండి. దుమ్మును ముందు బ్లోయరుతో ఊది, తరవాతే మెత్తని మైక్రోఫైబర్ బట్ట వాడండి. చొక్కా అంచుతో తుడిస్తే మన ఊరి గ్రానైట్ దుమ్ము కటకం మీద గీతలు పెడుతుంది.